ఎవరూ దిగని స్టాపు

ఆకివీడు,
జూలై 6, 2025.

రషీదాకి,

ఇక్కడ చేపలు క్షేమం, రొయ్యలకే ఏదో తెగులు తగిలింది. అక్కడ పిట్టలు క్షేమమని తలుస్తాను. మీ ఆయన గులాం రసూల్ గారి దగ్గు, మీ అబ్బాయి అర్సలాన్ ఆటో, నీ మోకాళ్ళు, ఇవన్నీ అడక్కపోయినా నువ్వే రాస్తావు.

నేను ఉత్తరం రాస్తుంటే మా చెల్లెలు దుర్గాదేవి నవ్వుతోంది. "చేతిలో ఫోను పెట్టుకుని ఈ గీతలేంటే అక్కా" అంటోంది. ఫోనులో మనిద్దరం తిన్నావా, పడుకున్నావా దాటి వెళ్ళమని దానికేం తెలుసు? ప్యాకింగ్ సెక్షన్లో మూతికి గుడ్డ, చెవినిండా మిషన్ల మోత. మాట్లాడుకోవాలంటే పనికిరాని మందు డబ్బాల అట్టల మీద రాసుకోవడమే కదా. ఇరవై రెండేళ్ళు అలా మాట్లాడుకున్నాం. ఇప్పుడు నోటితో మొదలుపెడితే మాట పెగలదు.

అసలు సంగతికి వస్తాను. దసరాకి మీ దగ్గరికి వద్దామనుకుంటున్నాను. మా ఆయన రాజు గారు పోయి, నేను ఇక్కడ చెల్లెలి పంచన చేరి ఆరేళ్ళయింది. వచ్చి నాలుగు రోజులుంటాను. నాకో కోరిక ఉంది, నవ్వకు. పొద్దున ఆరుంపావు కంపెనీ బస్సులో పటాన్‌చెరు నుంచి బొల్లారం మీదుగా గుమ్మడిదల వెళ్తూ కిటికీలోంచి మనం ఎన్ని చూశామో గుర్తుందా? ఫ్యాక్టరీ గోడల మీద తోకలు కిందికి వేలాడేసి కూర్చున్న నెమళ్ళు. జొన్నచేలో చెవులు మాత్రమే కనపడే కుందేళ్ళు. ఒకరోజు బస్సుకు అడ్డంగా నక్క వచ్చి, మనవైపు ఒక్కసారి చూసి, తీరిగ్గా రోడ్డు దాటింది. నిజంగా చూశానా, కలగన్నానా అని నిన్ను మోచేత్తో పొడిచాను. నువ్వు కళ్ళు నులుముకుంటూ "నేను గూడ సూసిన అక్కా. ఇద్దరికీ ఒక్కటే కల వస్తదా?" అన్నావు. ఆ బస్సులో సగం నిద్ర, సగం మెలకువ. ఇప్పుడు తలుచుకుంటే నిద్రలో చూసినవే బాగా గుర్తున్నాయి.

ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా దిగి చూడలేదు. ఈసారి దిగి చూడాలి. ఆ చుట్టుపక్కల మట్టిలో పుట్టి పెరిగిన జంతువులు, పిట్టలు ఎక్కడెక్కడ కనపడతాయో, ఏ వేళకు వెళ్ళాలో నువ్వు ముందుగా తిరిగి చూసి రాయి. రంగులతో సహా రాయి. జూ పార్కు నాకొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం మన పాలపిట్ట స్టాపు. దసరా నాడు పాలపిట్టను చూస్తే ఏడాదంతా మంచి జరుగుతుందన్నది మీ తెలంగాణ వాళ్ళ నమ్మకం. మాకు ఇక్కడ అంత పట్టింపు లేదు, మీ దగ్గరికి వచ్చాకే నాకు అంటుకుంది. పండగ పూట కూడా డ్యూటీ పడినవాళ్ళ కోసం డ్రైవరు నర్సన్న గుమ్మడిదల ముందు మలుపులో, ఆ నీటికుంట పక్కన, బస్సు నెమ్మది చేసి ఒక్కసారి హారన్ కొట్టేవాడు. అందరం ఎడమవైపు కిటికీలకు అతుక్కుపోయేవాళ్ళం. కరెంటు తీగ మీద అది ఉండేది. ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు, అయినా దాన్ని స్టాపు అనేవాళ్ళం. నేను ఆ స్టాపులో దిగాలి.

నీ
లక్ష్మక్క

పటాన్‌చెరు,
జూలై 24, 2025.

లక్ష్మక్కకు రషీదా సలాములు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీ అక్షరాలు మాత్రం బాగా ఒళ్ళు చేశాయి. గీత దాటి పక్కవాళ్ళ వాకిట్లోకి పోతున్నాయి. గోదావరి జిల్లా తిండి అక్షరాలకు కూడా పట్టిందా? ఇదివరకు చీమల బారులాగా సన్నగా రాసేదానివి. బ్యాచ్ కాగితాల మీద రాయడానికి బస్సులో నాకు తెలుగు నేర్పింది ఆ అక్షరాలే. అందుకే నోటితో "వచ్చిన, పోయిన" అనే నేను కాగితం మీదికి వచ్చేసరికి "వచ్చాను, వెళ్ళాను" అని రాస్తాను. నోరు మా అమ్మది, చెయ్యి నీది.

నువ్వు అడిగావని మొన్న ఆదివారం అర్సలాన్ ఆటోలో సంగారెడ్డి అవతల మంజీర ఒడ్డుకు వెళ్ళాను. మా ఆయన గుమ్మం దగ్గరే పట్టుకున్నాడు. "ముసల్దానివై మొసళ్ళెంట పడ్డవేంది?" అన్నాడు. "ముప్పై ఐదేండ్ల నుంచి నీ నోరే సూస్తున్న, జెర వేరే నోరు గూడ సూసొస్తా" అన్నాను. దగ్గు మరిచిపోయి నవ్వాడు.

అక్కడ ఫారెస్టు వాచర్ ఒకాయన ఉన్నాడు. మొసలి ఎక్కడుందని అడిగితే, "జల్దీ చేస్తే కనపడదమ్మా. దుంగలన్నీ సూసుకుంట కూసో. ఏ దుంగ కదిలితే గదే మొసలి" అన్నాడు. కూర్చున్నాను. గంట గడిచింది. నీళ్ళ మీద ఎండ పాకుతూ వచ్చింది. తుంగ ఊగుతోంది, నీటికాకులు రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్నాయి. నాకు కునుకు పట్టినట్టయింది. ఆ కునుకులోనే అవతలి ఇసుక దిబ్బ మీద దుంగ ఒకటి నోరు తెరిచింది. తెరిచి, అలాగే ఉంచేసింది. లోపల లేత పసుపు అక్కా, సెనగపిండి కలిపి పెట్టినట్టు. నాకు భయం వేయలేదు. అది ఆవులిస్తోంది, నేనూ ఆవులించాను.

చలికాలమైతే ఇంకా బాగా కనపడతాయట, ఎండ కాగడానికి గట్టెక్కుతాయట. దసరాకి నీళ్ళు ఎక్కువుంటే కష్టమే అన్నాడు. మోకాళ్ళ లోతులో పెద్ద కొంగలు నిలబడి ఉన్నాయి. పసుపు ముక్కు, తెల్లని ఒళ్ళు, తోక దగ్గర మాత్రం గులాబీ రంగు. నువ్వు రంగులు రాయమన్నావు కదా.

పాలపిట్ట స్టాపుకు ఇంకా పోలేదు. తొందరేముంది.

నీ
రషీదా

ఆకివీడు,
ఆగస్టు 11, 2025.

రషీదాకి,

మొసలి నోటి లోపల పసుపని రాశావు చూడు, ఆ ఒక్క రంగు పట్టుకుని రెండు రోజులు గడిపాను. కళ్ళు మూసుకుంటే ఆ ఇసుక దిబ్బ, ఆ నోరు. రాత్రి నిద్రలో అది మన బస్సెక్కి కిటికీ పక్క సీట్లో కూర్చుంది. నర్సన్న టికెట్ అడగలేదు.

ఇక్కడ చూడ్డానికేం లేదు, చెరువుల మీద చెరువులు. ఈ మధ్య పొద్దున పూట మంచు బాగా పడుతోంది. గట్టు మీది కొబ్బరిచెట్లు సగమే కనపడతాయి. అదీ ఒకందుకు బాగానే ఉంది. లోకానికి దోమతెర కట్టినట్టుంటుంది.

నువ్వు స్టాపు సంగతి రాయకుండా తొందరేముంది అన్నావు. నీ సంగతి నాకు తెలియదా? లేబుల్ తప్పు పడినప్పుడల్లా సూపర్వైజరుతో ఇదే మాట అనేదానివి.

ఈ ఏడు దసరా అక్టోబరు రెండున వచ్చింది. రాజు గారికి గుండె ఆపరేషన్ అయిన ఏడు కూడా దసరా అక్టోబరు రెండే, ఆపరేషనూ ఆ రోజే. పంతొమ్మిదేళ్ళయింది. ఆయన హైదరాబాదులో ఆసుపత్రిలో, నేను షిఫ్టులో. సెలవులన్నీ అప్పటికే ఆసుపత్రి వరండాల్లో అయిపోయాయి. ఆ రోజు నర్సన్న హారన్ కొట్టినప్పుడు నేను ఒళ్ళో చేతులు పెట్టుకుని వాటినే చూస్తున్నాను. తలెత్తేలోపు తీగ ఖాళీ. బస్సంతా "సూసినం, సూసినం" అంటోంది. నువ్వు నా భుజం పట్టి కుదిపి "అదిగో అక్కా, కుంట మీద! సూడు, సూడు!" అన్నావు. చూశానన్నాను. రాజు గారు ఆ తర్వాత పదమూడేళ్ళు బతికారు.

అందుకే ఆ తీగ ఎలా ఉందో రాయమంటున్నాను.

నీ
లక్ష్మక్క

పటాన్‌చెరు,
ఆగస్టు 30, 2025.

అక్కకు సలాములు.

వానాకాలంలో మంచేంది అక్కా? మీ ఊళ్ళో పంచాంగం వేరే ఉందా?

ఈసారి రెండు చోట్లకు పోయివచ్చాను. మొదటిది నర్సాపూర్ అడవి. గుమ్మడిదల దాటి ఇంకా ముందుకు పోతే వస్తుంది, మన బస్సు ఏనాడూ అంతదూరం పోలేదు. రోడ్డు మీద కోతులు తప్ప మొదట ఏమీ కనపడలేదు. చెట్ల లోపలికి వంద అడుగులు వేసేసరికి లారీల మోత వెనకపడింది. ఆకుల మీద వాన ఆగిపోయింది గాని ఆకుల నుంచి నేల మీదికి ఇంకా పడుతూనే ఉంది. అప్పుడు నెమలి కూసింది. దానికి ఇంకోటి, దానికి మరోటి జవాబిచ్చాయి. అడవంతా ఒకదాన్నొకటి పేరు పెట్టి పిలుచుకుంటున్నట్టు ఉంది. ఒక మగ నెమలి బాట మీదికి వచ్చి, తడిసిన తోక ఈడ్చుకుంటూ, పెళ్ళిలో బరువు చీర కట్టుకున్న ఆడమనిషి నడిచినట్టు నడిచిపోయింది. మెడ నీలం అంటారు కదా, అది నీలం కాదు. అటు తిరిగితే పచ్చ, ఇటు తిరిగితే నీలం, చెట్టు నీడలోకి పోతే నలుపు.

రెండోది రుద్రారం. కాలేజీ హాస్టళ్ళ వెనక ఇంకా చేన్లున్నాయి. అక్కడ పని చేసుకుంటున్న ముత్యమ్మ అనే ఆమె "చెవులపిల్లా? పొద్దుగూకంగ రా, కంది సాళ్ళల్ల కూసుంటది. నువ్వు సూస్తున్నవని దానికి తెల్వద్దు" అంది. పొద్దుగూకేటప్పుడు వెళ్ళాను. నువ్వు కుందేలంటావు, మేం చెవులపిల్లి అంటాం. ఏ పేరుతో పిలిచినా అది ఆగలేదు. మట్టి రంగు మట్టిలో కలిసిపోయింది, రెండు చెవులే కాసేపు మిగిలాయి.

ఇక స్టాపు. స్టాపు ఉంది. నువ్వు ఏ పరేషాన్ పెట్టుకోకు, అంతా నా మీద వదిలెయ్యి. దసరా నాడు పొద్దున సరిగ్గా ఆరూ నలభై ఐదుకు అక్కడ నీకు పాలపిట్ట కనపడుతుంది. ఇది నా పూచీ.

నీ
రషీదా

ఆకివీడు,
సెప్టెంబరు 11, 2025.

రషీదాకి,

పాలపిట్టకు షిఫ్టు టైము ఎవరు పెట్టారే? ఆరూ నలభై ఐదుకు వచ్చి కార్డు పంచ్ చేస్తుందా?

నవ్వుకుంటూనే మొదలుపెట్టాను గాని ఈ ఉత్తరం రాయడం కష్టంగా ఉంది. రెండు కాగితాలు చింపేశాను.

నా అక్షరాలు ఒళ్ళు చేయలేదు. నాకు గీతలు కనపడటం లేదు. ఎడమ కన్ను నాలుగేళ్ళ కిందటే పోయింది, షుగరు తినేసింది. నీకు చెప్పలేదు. కుడి కంటికి ఇప్పుడు మందంగా పొర పట్టింది. మంచు మా ఊళ్ళో లేదు, నా కంట్లో ఉంది. నీ ఉత్తరాలు భూతద్దం పెట్టుకుని, ఎండలో కూర్చుని, ఒక్కో మాటా ఏరుకుంటూ చదువుతున్నాను. భీమవరంలో డాక్టరు గారు పొర తీస్తామన్నారు. అయితే లోపలి నరం బాగా దెబ్బతిని ఉంటే పొర తీసినా చూపు రాకపోవచ్చునట. సగానికి సగం అన్నారు. అక్టోబరు ఇరవై రెండుకు రమ్మన్నారు. అందుకే దసరాకి రావాలన్న తొందర. నేను వచ్చేసరికి వెలుగూ నీడా, పెద్ద పెద్ద ఆకారాలూ తప్ప నాకేమీ కనపడవు. రంగులు రాయమని ఎందుకు వేధించానో ఇప్పుడు తెలిసిందా?

ఇంకోటి కూడా చెప్పాలి. ఆ ఏడు నువ్వు కుంట మీద చూపించింది పాలపిట్ట కాదు. కాలవ గట్టున పుట్టి పెరిగినదాన్ని, లకుముకి పిట్టను పోల్చుకోలేనా? ఎర్రముక్కు, తెల్లటి ఛాతీ. నీళ్ళలోకి బాణంలాగా దిగింది. పాలపిట్ట కూర్చుంటే మట్టిరంగులో ఉంటుందని, ఎగిరితేనే రెండు నీలాలు బయటపడతాయని నాకు చెప్పిందే నువ్వు. నీకూ తెలుసు అది ఏ పిట్టో. నీ కళ్ళనిండా నీళ్ళు. నేను కాదంటే నువ్వు బస్సులోనే భోరుమనేలా ఉన్నావు. చూశానన్నాను. ఆ రోజు నాకు నీ అబద్ధం కావాలి రషీదా. దాన్ని పట్టుకునే ఆ షిఫ్టు గడిపాను. ఎనిమిది గంటలూ మాత్రల అట్టలు పేరుస్తూ "చూశాను, చూశాను" అనుకున్నాను.

ఇప్పుడు మాత్రం వద్దు. ఈ కన్ను కూడా పోతే ఇక నా లోకమంతా పక్కవాళ్ళు చెప్పే మాటే. దుర్గ మంచిదే, కానీ నన్ను నొప్పించకూడదని అన్నిటికీ బాగుందక్కా అంటుంది. పులిసిన పెరుగు కూడా కమ్మగా ఉందంటుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి నాకు ఒక్కరైనా కావాలి. అది నువ్వే కావాలి. ఈసారి నిన్ను పట్టుకోవడానికి నా కళ్ళు పనికిరావు. అందుకని ముందే అడుగుతున్నాను. పాలపిట్ట లేకపోతే లేదని చెప్పు. అంతే.

నీ
లక్ష్మక్క

పటాన్‌చెరు,
సెప్టెంబరు 20, 2025.

అక్కా,

పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. పేజీకి నాలుగు మాటలే పడుతున్నాయి. మా ఆయన చూసి "ఉత్తరమా, గోడకు అంటించే బోర్డా?" అన్నాడు. సంగతి చెప్పాను. ఆయన లేచి పోయి నల్లసిరా పెన్ను ఒకటి కొని తెచ్చాడు.

నీ కన్ను సంగతి నాలుగేళ్ళు నాకు చెప్పలేదు. కోపం వచ్చింది. తిట్టాలని కూర్చున్నాను గాని తిట్టడానికి నాకు మొహం లేదు. అన్నీ చెప్పేస్తాను.

స్టాపు లేదక్కా. జూలైలోనే పోయి చూశాను, ఇంకా పోలేదని నీకు అబద్ధం రాశాను. కుంటను మట్టితో పూడ్చి ప్లాట్లకు తెల్లరాళ్ళు పాతారు. తీగ లేదు, స్తంభాలు రోడ్డు అవతలికి జరిపారు. మలుపులో గోదాము కట్టారు. నేను అక్కడ నిలబడి ఇదా, ఇంకా ముందుకా అని వెతుక్కున్నాను.

అందుకని ఒక ఏర్పాటు చేశాను. దసరాకు పాలపిట్టలను పంజరంలో పెట్టుకుని గల్లీ గల్లీ తిరిగి చూపించేవాళ్ళుంటారు కదా. అట్లాంటి ఒకాయనతో మాట్లాడాను. ఆరూ నలభై ఐదుకు గోదాము వెనక నిలబడి, మన ఆటో హారన్ కొట్టగానే పంజరం తెరవమన్నాను. పిట్ట ఎగురుతుంది, మా అక్క చూస్తుంది అనుకున్నాను. నీ కళ్ళ సంగతి అప్పటికి నాకు తెలియదు. తెలిసినా అదే పని చేసేదాన్నేమో.

నీ ఉత్తరం వచ్చిన రోజే వద్దని చెప్పడానికి ఆయన ఇంటికి పోయాను. మూడు పంజరాలున్నాయి. పిట్టలు కూర్చుని ఉన్నాయి, కూర్చుంటే మట్టిరంగే కదా. "ఒకటి ఎగిరించి చూపించు" అన్నాను. "ఎగరదమ్మా, రెక్కలకు బంక పెట్టిన. పోతదని" అన్నాడు. "మరి నాకు ఎగిరిస్తనంటివి?" అంటే, "పైకి ఇసిరేస్త. జెర దూరమన్న పోతది. నీకు గంతే గద గావాల్సింది" అన్నాడు.

నాకు అంతే కావాల్సి ఉండింది అక్కా, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చాను. అర్సలాన్ ఫారెస్టు వాళ్ళకు ఫోన్ చేశాడు. వాళ్ళు వచ్చి పంజరాలు తీసుకుపోయారు, బంక వదిలించి అడవిలో విడుస్తామన్నారు.

ఆ ఏటి సంగతి. అది లకుముకి పిట్టని నాకు తెలుసు. పంతొమ్మిదేళ్ళుగా ఆ అబద్ధం నా కడుపులో ఉంది. నీకు తెలుసని తెలిస్తే ఎప్పుడో దించుకునేదాన్ని.

నువ్వు రా. చూపించడానికి స్టాపు లేదు, తీగ లేదు, పిట్ట పూచీ అంతకన్నా లేదు. అయినా రా. లేనిదాన్ని లేదనే చెబుతాను. ఇది ఒట్టు.

రషీదా

పటాన్‌చెరు,
అక్టోబరు 27, 2025.

అక్కా,

ఆపరేషన్ బాగానే జరిగిందని దుర్గాదేవమ్మ ఫోన్లో చెప్పింది. కట్టు విప్పాక కూడా చూపు నిలబడటానికి రోజులు పడుతుందట. ఈ ఉత్తరం ఎవరితోనూ చదివించుకోకు. దిండు కింద పెట్టుకో. చూపు వస్తే నువ్వే చదువు. రాకపోతే నేనే వచ్చి చదివి వినిపిస్తాను.

నువ్వు ఇక్కడున్న నాలుగు రోజుల్లో నా కళ్ళకు కనపడినవి రాస్తున్నాను.

మంజీర నిండా ఎర్రనీళ్ళు, ఇసుక దిబ్బలే లేవు. "మొసలి ఏదే?" అని అడిగావు. "లేదక్కా" అన్నాను. నర్సాపూర్ అడవిలో నెమలి ఒక్కటి కూడా నాకు కనపడలేదు. కానీ కూసింది. నువ్వు నాకన్నా ముందు తల తిప్పి, "అదిగో, ఎడమవైపు, దూరంగా" అన్నావు. నాకు నువ్వు చూపించిన పిట్ట అదొక్కటే.

దసరా పొద్దున ఊళ్ళో మటన్ లేదు, గాంధీ జయంతని దుకాణాలు మూత. మా ఆయన ముందురోజే తెచ్చి దాచాడు, అది వేరే సంగతి. ఆరుంపావుకు ఆటో ఎక్కాం. మలుపు దగ్గర అర్సలాన్ చెప్పకుండానే నెమ్మది చేసి ఒక్కసారి హారన్ కొట్టాడు. నర్సన్న సంగతి చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాడు కదా. నువ్వు దిగావు. హారన్ విని ఆ స్టాపులో మొదట దిగింది నువ్వే.

నువ్వు నా చెయ్యి పట్టుకుని నిలబడ్డావు. నీ మొహం తూర్పుకు ఉంది, ఎండ నేరుగా నీ కళ్ళ మీద పడుతోంది, నువ్వు రెప్ప వేయలేదు. "ఉందా?" అన్నావు. తెల్లరాళ్ళ మీద గోరింకలు మూడు, ఆ పక్కన ఒక తీతువు. "లేదక్కా" అన్నాను. కాసేపటికి మళ్ళీ అడిగావు. చీలిక తోక నల్లపిట్ట, పసుల పోలిగాడు ఒకడు, తోక ఆడిస్తున్నాడు. లేదన్నాను. మూడోసారి అడిగినప్పుడు నా గొంతు దాకా వచ్చింది. ఒక్క మాట. ఉందంటే నువ్వు చేతులు జోడిస్తావు, సంతోషంగా ఆపరేషన్‌కు పోతావు, ఎవరికి నష్టం? లేదన్నాను. నాలుగోసారి నువ్వు అడగలేదు. నేనే "ఇంకా రాలేదక్కా" అన్నాను. నువ్వు నవ్వి "పోదాం పద, ఆకలేస్తోంది" అన్నావు. ఆటోలో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయావు. పిట్ట కనపడకుండా నిన్ను ఆపరేషన్‌కు పంపుతున్నానని ఇంటి దాకా నాకు ఒకటే దిగులు.

నిన్ను లింగంపల్లిలో రైలెక్కించిన మర్నాటి నుంచి నేను రోజూ అర్సలాన్ మొదటి ట్రిప్పులో పోయి ఆ మలుపులో దిగుతున్నాను. ఆటోలో పోయేవాళ్ళు అడుగుతారు, "ఈడేముందమ్మా, దిగుతున్నవ్?" అని. ఏం చెప్పను?

అక్టోబరు ఇరవై నాలుగున, ఏడు దాటాక, అది వచ్చింది. తీగ లేదు కదా, ప్లాటు రాయి మీద కూర్చుంది. మట్టిరంగులో ఉంది. నేను కదలలేదు. ఎంతసేపో తెలియదు, ఎండలో నిలబడి నిద్రపోయానేమో కూడా. అది మెడ తిప్పి గడ్డిలో దేన్నో చూసింది. లేచింది. రెక్కలు విప్పాక రెండు నీలాలు, ఒకటి ముదురు, ఒకటి లేత, ఒకదాని పక్కన ఒకటి, ఆ గోదాము రేకుల ముందు నుంచి పోయాయి. ముక్కు నల్లగా ఉంది అక్కా. బాగా చూశాను.

నీ ఆపరేషన్ ఇరవై రెండున. పిట్ట వచ్చింది ఇరవై నాలుగున. రెండు రోజులు ఆలస్యం. ఇరవై రెండునే వచ్చిందని రాద్దామనిపించింది. ఎంత బాగుండేది! పెన్ను ఆ అంకె దగ్గర చాలాసేపు ఆగింది. ఇరవై నాలుగునే వచ్చింది.

నీ
రషీదా

ఆకివీడు,
నవంబరు 26, 2025.

రషీదాకి,

ఈ అక్షరాలు చూశావా, గీత మీదే నడుస్తున్నాయి. ఇంక వివరంగా చెప్పక్కర్లేదు గాని చెబుతాను. చూపు సగం వచ్చింది. దూరపువి పలచగా ఉంటాయి, అంచులు చెరిగిపోతాయి. సగం చాలు. రాదనుకుని కూర్చున్నదానికి సగమంటే ఎంతో.

నీ ఉత్తరం ఇరవై ఏడు రోజులు దిండు కింద ఉంది. దుర్గ రోజూ "చదివి వినిపించనా" అనేది. వద్దన్నాను. నిన్న పొద్దున కొత్త కళ్ళజోడు వచ్చింది. మొట్టమొదట చదివింది అదే. నీ పెద్ద పెద్ద అక్షరాలు ఇప్పుడు నా కంటికి కేకలు పెడుతున్నట్టున్నాయి. ఇక మామూలుగా రాయి.

దసరా నాడు నువ్వు నాలుగోసారి కూడా రాలేదన్నాక, ఆటోలో నేను నిద్రపోలేదు. కళ్ళు మూసుకుని ఉన్నాను. పిట్ట కనపడలేదన్న దిగులు ఉంది, లేదనను. ఇక నా కన్ను పోయినా ఫరవాలేదన్న ధైర్యం కూడా అప్పుడే వచ్చింది. ఏది ఉందో, ఏది లేదో చెప్పే మనిషి నాకు దొరికింది. ఆపరేషన్ బల్ల మీద పడుకున్నప్పుడు నేను దేవుణ్ణి తలుచుకోలేదు, నీ "లేదక్కా"నే తలుచుకున్నాను. దేవుడు ఏమనుకున్నాడో ఏమో.

ఇరవై నాలుగున పాలపిట్ట వచ్చిందని రాశావు. నమ్మాను. ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. రెండు రోజులు ఆలస్యమని రాసినచోట కాగితం మీద సిరా చుక్క పడి ఉంది, పెన్ను ఆగిన చోటు. దాన్ని వేలితో తడిమి చూశాను.

ఇవాళ్టి సంగతి రాసి ముగిస్తాను. పొద్దున దుర్గ నన్ను చెరువు గట్టు మీదికి తీసుకెళ్ళింది. మంచు నిజంగానే పడుతోంది. ఇది నా కంటిది కాదు, దుర్గ కూడా శాలువా కప్పుకుంది. మోటారు షెడ్డు దగ్గర తీగ మీద ఒక పిట్ట కూర్చుని ఉంది. నీలం మెరిసింది. దుర్గ నా చెయ్యి గట్టిగా పట్టుకుని "పాలపిట్టే అక్కా! చూశావా, మంచి శకునం" అంది. పాపం, దాని ప్రేమ దానిది.

కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూశాను. ముక్కు ఎర్రగా ఉంది. ఛాతీ తెల్లగా ఉంది.

"కాదే, అది లకుముకి పిట్ట" అన్నాను.

అయినా చెప్పులు విడిచి, దానికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. ఆ ఏడు రాజు గారిని బతికించింది అదే కదా.

నీ
లక్ష్మక్క